అధికరణ నంబరు గుర్తుంటే సరిపోతుందా?

గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదువుతున్నారా? అయితే ఈ బిట్టు మీకు కొత్తేం కాదు. భారత రాజ్యాంగంలో ‘సమాఖ్య’ అనే మాట ఎన్నిచోట్ల ఉంది? ఎక్కడా లేదు. మొదటి అధికరణ మన దేశాన్ని ‘రాష్ట్రాల యూనియన్’ అంటుంది. అంతే, ఒక మార్కు మన ఖాతాలో పడిపోతుంది, తర్వాతి బిట్టుకి వెళ్లిపోతాం.

ఆ మాట ఎందుకు లేదు అని మెయిన్స్‌లో అడిగితేనే పెన్ను ఆగిపోతుంది. ఇంటర్వ్యూ బోర్డు ముందైతే నోరూ ఆగిపోతుంది. పాలిటీని అధికరణల పట్టికలా చదివితే వచ్చే చిక్కు ఇదే. కానీ మార్కులది చిన్న సంగతి. మీరు ఏ జిల్లా పోస్టుకి స్థానికులవుతారు, ఆ పోస్టుకి పరీక్ష పెట్టే కమిషన్‌ని ఎవరు తీసేయగలరు, మెడిసిన్ సీటుకి ఎంసెట్ రాయాలా నీట్ రాయాలా అన్నవన్నీ ఆ పుస్తకంలోంచే వచ్చాయి. మీ జీవితాన్ని నడిపిస్తున్న విషయాన్ని మీరు బిట్లుగా బట్టీ పడుతున్నారు.

మొదటి నుంచీ చూద్దాం. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ అంబేద్కర్ రెండు విషయాలు వివరించారు. ఒకటి, యూనియన్ అన్న మాట ఎందుకు వాడారన్నది. అమెరికాలోలాగా ఇక్కడ రాష్ట్రాలు కూర్చుని ఒప్పందం రాసుకుని దేశాన్ని తయారు చేయలేదు, కాబట్టి ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదన్నారు. రెండోది, అధ్యక్ష తరహాను కాదని పార్లమెంటరీ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారన్నది. ప్రభుత్వానికి స్థిరత్వం కావాలి, జవాబుదారీతనమూ కావాలి. రెండూ సరిసమానంగా దొరకవు కాబట్టి మనం జవాబుదారీతనం వైపు మొగ్గామన్నారు. అమెరికా అధ్యక్షుడి పనితీరుకి లెక్క నాలుగేళ్లకోసారి తేలుతుంది. మన ప్రభుత్వం ప్రశ్నలతో, తీర్మానాలతో, అవిశ్వాసంతో సభలో రోజూ లెక్క చెప్పుకోవాలి.

ఆ లెక్క ఎంత కటువుగా ఉంటుందో 1999 ఏప్రిల్ 17న దేశం చూసింది. లోక్‌సభలో వాజ్‌పేయీ ప్రభుత్వానికి అనుకూలంగా 269 ఓట్లు, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు, ఆ రోజు వచ్చి ఓటేశారు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఓటుతో కేంద్ర ప్రభుత్వం కూలడం న్యాయమేనా అన్న వాదన ఆ రోజునుంచీ నడుస్తూనే ఉంది. మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్న 75(3) అధికరణను ఈ సంఘటనతో కలిపి చదవండి, ఇక మరిచిపోలేరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పార్లమెంటరీ పద్ధతి, సమాఖ్య పద్ధతి ఒకే ఒరలో ఇమిడే రెండు కత్తులు కావు. మొదటిది అధికారాన్ని ఒకచోట పోగేస్తుంది. సభలో మెజారిటీ ఎవరిదైతే ప్రభుత్వం వాళ్లది, దాదాపుగా చట్టమూ వాళ్లదే. రెండోది అధికారాన్ని పంచుతుంది. కింది సభలో ఎంత మెజారిటీ ఉన్నా, రాష్ట్రాలవి అని రాసిపెట్టినవాటి జోలికి వెళ్లొద్దంటుంది. బ్రిటన్‌లో పుట్టిన మంత్రివర్గ పద్ధతిని సమాఖ్యతో ముడివేయడం 1867లో కెనడా మొదలుపెట్టింది, 1901లో ఆస్ట్రేలియా అదే దారి పట్టింది. మనం 1935 చట్టం మీదుగా అక్కడికి చేరాం. ముడి వేసిన ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు బిగుసుకుంది.

ఆస్ట్రేలియాలో అయితే తెగినంత పనైంది. అక్కడి సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి రాష్ట్రానికీ సమాన స్థానాలు. బడ్జెట్‌ని ఆపే శక్తి కూడా దానికి ఉంది. 1975లో కింది సభలో మెజారిటీ ఉన్న ప్రధాని గఫ్ విట్లమ్ బడ్జెట్‌ను సెనేట్ ఆపేసింది. ప్రధాని ఎవరికి జవాబుదారీ, తనను ఎన్నుకున్న సభకా, రాష్ట్రాల సభకా? తేలలేదు. చివరికి నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఆయన్ను పదవి నుంచి తొలగించారు. మన దగ్గర ఇలా జరగదు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి పట్టి ఉంచలేదు. 109వ అధికరణ కేవలం ఒక నంబరు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అయితే ఆ ప్రమాదాన్ని తప్పించుకున్నందుకు మనం వేరే ధర చెల్లించాం. మన రాజ్యసభలో స్థానాలు సమానం కావు. ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. పైగా 2003లో చట్టం మార్చాక, ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతున్నారో ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాల్సిన పని కూడా లేదు. మహారాష్ట్ర నేత సురేష్ ప్రభు 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లారు. అభిషేక్ మను సింఘ్వి 2024లో తెలంగాణ నుంచి వెళ్లారు. ఆ నిబంధన ఉన్న రోజుల్లోనే మన వెంకయ్యనాయుడు గారు చాలాకాలం కర్ణాటక సభ్యులు. వాళ్ల సమర్థత మీద ఇక్కడ ప్రశ్న లేదు. రాష్ట్రాల సభ అన్న పేరు ఒకటి, జరిగేది పార్టీల సర్దుబాటు.

రాజ్యసభ ఉత్త అలంకారం కూడా కాదు. కొత్త అఖిల భారత సర్వీసు పెట్టాలంటే, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మెజారిటీతో ముందు రాజ్యసభే తీర్మానం చేయాలి. లోక్‌సభకు ఆ అధికారం లేదు. ఎందుకంటారు? ఐఏఎస్ అధికారిని ఎంపిక చేసేది కేంద్రం, ఆయన పనిచేసేది ఎక్కువగా రాష్ట్రంలో. మన కలెక్టర్‌ని మరొకరు నియమిస్తారంటే అందుకు రాష్ట్రాల సభ ఒప్పుకోవాలి కదా. సివిల్స్ రాసేవాళ్లు తాము చేరబోయే ఉద్యోగమే ఒక సమాఖ్య ఒప్పందం అని గ్రహించడం మంచిది.

మూడో అధికరణ గురించి తెలుగువాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, మూడూ పార్లమెంటు చేతుల మీదుగా ఏర్పడినవే. విభజన బిల్లును 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. రాష్ట్ర సభ అభిప్రాయం అడగాలి, కానీ దానికి కట్టుబడక్కర్లేదని అధికరణ చెబుతోంది. ఇది మీకు న్యాయంగా అనిపించిందా లేదా అన్నది మీరు ఏ వైపున పుట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. అసెంబ్లీ అంగీకారం తప్పనిసరి అని రాసి ఉంటే తెలంగాణ వచ్చి ఉండేది కాదేమో. అలా రాయనందువల్లే ఏ రాష్ట్రం సరిహద్దుకైనా ఢిల్లీలో ఒక సాధారణ మెజారిటీ మాత్రమే హామీ. రెండు మాటలూ నిజమే. మెయిన్స్ జవాబులో రెండూ రాయగలిగినవాళ్లకే మార్కులు.

అదే ఫిబ్రవరి 20న మరొకటి జరిగింది. ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చెప్పారు. చట్టంలో రాయలేదు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. సభలో ఇచ్చిన మాటకు రాజకీయ విలువ ఉంటుంది, కోర్టుకి తీసుకెళ్లే విలువ ఉండదు. చట్టంలో రాసినా వెంటనే పనవుతుందని కాదు, అది వేరే విషయం. విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉన్న తెలంగాణ గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు సవరణ చట్టం చేసింది 2023 డిసెంబరులో. 2014లో ఇంటర్ చదివిన పిల్ల ఈలోగా డిగ్రీ, పీజీ పూర్తి చేసుకుని ఉద్యోగ వేటలో పడిపోయింది.

ఇక గవర్నర్. పార్లమెంటరీ పద్ధతికి బ్రిటన్ రాజు లాంటి తటస్థుడు ఒకరు కావాలి, మెజారిటీ ఎవరిదో చూసి ప్రమాణం చేయించడానికి. సమాఖ్యకి కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య వారధి కావాలి. మనం ఈ రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించాం. పైగా ఆ మనిషిని నియమించేది కేంద్రం, తీసేసేదీ కేంద్రమే. బ్రిటన్ రాజుని ఏ పార్టీ నియమించదు. ఇక్కడ ఎన్నికైన ఒక ప్రభుత్వం తన మనిషిని ఎన్నికైన మరో ప్రభుత్వం మీద పెద్దగా కూర్చోబెడుతుంది. అతుకు సరిగ్గా అక్కడే ఉంది, ఎప్పుడు చిరిగినా అక్కడే చిరుగుతుంది.

1984 ఆగస్టు 16న హైదరాబాద్‌లో చిరిగింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. నా వెంట మెజారిటీ ఉంది, సభలో నిరూపించుకుంటానని ఎన్టీఆర్ అన్నారు. వినలేదు. ఆయన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. వాళ్లను కాపాడుకోవడానికి కర్ణాటకలో శిబిరం పెట్టాల్సి వచ్చింది. రాష్ట్రం అట్టుడికింది. గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులను మీ ఇంట్లో అరవై దాటినవాళ్లను అడగండి, ఏ గైడూ ఇవ్వని నోట్సు దొరుకుతుంది.

అప్పట్లో మెజారిటీ ఎక్కడ తేల్చాలన్నదానికి గట్టి నియమం లేదు. రాజ్‌భవన్ డ్రాయింగ్ రూములో తేల్చేవారు. 356వ అధికరణ కూడా అలాగే వాడారు. అది వాడకుండా మూలన పడి ఉంటే మేలని రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఆశపడ్డారు. జరిగింది వేరు, వందకు పైగా సార్లు వాడారు. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్ర ప్రభుత్వాలను ఒక్కసారే రద్దు చేస్తే, 1980లో ఇందిర తిరిగొచ్చి ఆవిడా తొమ్మిదింటిని రద్దు చేశారు. ఈ ఆటకు చాలావరకు అడ్డుకట్ట వేసింది 1994 మార్చి 11న వచ్చిన ఎస్.ఆర్.బొమ్మై తీర్పు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన ముఖ్యాంశాలు: మెజారిటీ తేలాల్సింది సభలోనే, రాష్ట్రపతి ప్రకటనను కోర్టులు పరిశీలించొచ్చు, పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు, సమాఖ్య స్వభావం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం. పదేళ్ల ముందు ఎన్టీఆర్ అడిగింది ఈ జాబితాలో మొదటిదే.

ప్రభుత్వాలను పడగొట్టడం తగ్గింది, బిల్లులు ఆపడం పెరిగింది. శాసనసభ ఆమోదించిన బిల్లులు రాజ్‌భవన్‌లో నెలల తరబడి ఆగిపోయాయని 2023లో తెలంగాణ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 200వ అధికరణలో ‘సాధ్యమైనంత త్వరగా’ అన్న మాటకు అర్థం ఉందని కోర్టు గుర్తు చేసింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తులు గడువులు పెట్టారు. అదే ఏడాది నవంబరులో, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ ఐదుగురి ధర్మాసనం, అలా గడువులు విధించడం కోర్టుల పని కాదని చెప్పింది. అయితే బిల్లుని నిరవధికంగా అట్టే పెట్టుకోవడమూ కుదరదంది. మా అభిప్రాయం అడిగితే, గడువును పార్లమెంటే రాజ్యాంగ సవరణతో రాసిపెట్టాలి. ద్రవ్య బిల్లు విషయంలో రాజ్యసభకు 14 రోజులని రాయగలిగినవాళ్లం గవర్నర్‌కు ఇన్ని నెలలని రాయలేమా?

ఇప్పుడు మీ సర్టిఫికెట్ల ఫైలు తీయండి. అందులో స్టడీ సర్టిఫికెట్ ఉంటుంది. చిన్నప్పుడు ఏ జిల్లాలో చదివారో బడి హెడ్‌మాస్టరు సంతకం చేసిచ్చిన కాగితం. దేశంలో మిగతా చోట్ల ఉద్యోగానికి దానికి ఇంత విలువ లేదు. ఇక్కడెందుకు ఉందంటే 371డి అధికరణ వల్ల. దాని వెనక పెద్ద కథ ఉంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక జై ఆంధ్ర ఉద్యమం ఎగసింది. అంతకుముందు 1969లో తెలంగాణ భగ్గుమంది. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని నిలబెట్టడానికి 32వ సవరణతో 371డిని రాజ్యాంగంలో చేర్చారు. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి. రాష్ట్రం ఆరు జోన్లయింది, పోస్టు స్థాయిని బట్టి 60 నుంచి 80 శాతం స్థానికులకు దక్కాయి.

రాశారు సరే, అమలైందా? స్థానికేతరులను నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో నియమించారన్న ఫిర్యాదులపై 1985 డిసెంబరులో 610 జీవో తెచ్చారు. ఆ జీవో అమలు కాలేదన్న కోపం తర్వాతి ఉద్యమానికి ఎంత ఇంధనమైందో మీ తల్లిదండ్రులకు గుర్తుంటుంది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడో మాట ఇదే. రాష్ట్రం వచ్చాక తెలంగాణకు 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం స్థానిక కోటా. కొత్త జిల్లాలకు ఉద్యోగులను సర్దడానికి 2021 డిసెంబరులో 317 జీవో ఇస్తే, భార్య ఒక జిల్లా భర్త ఒక జిల్లా అయిపోయిన టీచర్లు ధర్నాలకు దిగారు.

స్థానికతకు ఏ తరగతులు లెక్కలోకొస్తాయన్నది తెలంగాణ కొత్త ఉత్తర్వుల్లో మారింది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకూ చదువును చూస్తున్నారు. పాత ఉత్తర్వుల్లో పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు చూసేవారు. చిన్నప్పుడు ఒక జిల్లాలో చదివి, హాస్టలు కోసం ఇంకో జిల్లాకు మారినవాళ్లు ఈ తేడా వల్ల స్థానికత మారిపోవడం చూసి కంగారు పడుతుంటారు. దరఖాస్తు చివరి రోజు కాకుండా ఇవాళే చూసుకోండి.

యాదృచ్ఛికమే కానీ, 317 అన్న నంబరు రాజ్యాంగంలోనూ ఉంది, అదీ మీకు సంబంధించిందే. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యులను తొలగించే అధికరణ అది. రాష్ట్ర కమిషన్ ఛైర్మన్‌ను, సభ్యులను నియమించేది గవర్నర్, అంటే వాస్తవానికి రాష్ట్ర ప్రభుత్వం. తొలగించే అధికారం మాత్రం రాష్ట్రపతిది. దుష్ప్రవర్తన ఆరోపణ అయితే సుప్రీంకోర్టు విచారణ జరగాలి. నియమించినవాళ్లు కోపం వచ్చినప్పుడు తీసేయకుండా ఈ ఏర్పాటు. 2023 మార్చిలో తెలంగాణలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది, జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షనూ హైకోర్టు రద్దు చేసింది. డిసెంబరులో ప్రభుత్వం మారినా పాత కమిషన్‌ను ఊరికే పంపేయడం కుదరలేదు. వాళ్లు రాజీనామాలు ఇచ్చి, గవర్నర్ ఆమోదించాకే కొత్తవాళ్లు వచ్చారు. అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టుకుంటూ ఎదురుచూసినవాళ్లకు ఆ రక్షణ అడ్డంకిగానే కనిపించింది. కానీ అది లేకపోతే ప్రతి ఎన్నిక తర్వాతా కమిషన్ మారిపోతుంది, దాంతోపాటే మీ ఫలితాల మీద అనుమానం కూడా వస్తుంది. రక్షణను సడలించడం కన్నా నియామకం దగ్గరే గట్టి వడపోత పెట్టడం మేలు.

చదువు విషయానికొస్తే, 42వ సవరణ దాన్ని రాష్ట్ర జాబితాలోంచి ఉమ్మడి జాబితాలోకి మార్చింది. అక్కడ పార్లమెంటు చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే సాధారణంగా పార్లమెంటుదే పైచేయి. ఒకప్పుడు మెడిసిన్‌కీ ఎంసెట్టే, ఇప్పుడు నీట్. నీట్ నుంచి మినహాయింపు కోరుతూ తమిళనాడు చేసిన బిల్లు రాష్ట్రపతి దాకా వెళ్లాల్సి వచ్చింది కూడా అందుకే.

ఫిరాయింపుల గురించి రాయకుండా మన రాష్ట్రాల్లో సభ గురించి రాయడం కష్టం. 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది ప్రతిపక్ష ఎమ్మెల్యేలు అధికార పార్టీలోకి వెళ్లారు. 2019లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. తర్వాత చక్రం తిరిగి, కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల కేసులో, మూడు నెలల్లో తేల్చాలని 2025 జులైలో సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పింది. పార్టీల పేర్లు తిరగేసినా కథ మారదు. పదో షెడ్యూలు ప్రకారం న్యాయమూర్తి స్పీకరే, ఆయనా ఒక పార్టీ టికెట్‌పై గెలిచినవారే. ఈ పనిని స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంటు ఆలోచించాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. ఏ పార్టీ తొందరపడలేదు. అధికారంలో ఉన్నవాళ్లకి స్పీకరే నయం మరి.

మీ తరం చూడబోయే పెద్ద పంచాయితీ ఇంకొకటి ఉంది. లోక్‌సభలో 543 సీట్లకుగాను ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. రాష్ట్రాల మధ్య ఈ పంపకం 1971 జనాభా లెక్కల మీద నిలిచి ఉంది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు సీట్లు కోల్పోకూడదని 42వ సవరణ దాన్ని ఆపింది, 84వ సవరణ ఆ ఆపుదలని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్లిచ్చే 106వ సవరణను కూడా పునర్విభజనకే ముడిపెట్టారు. మనిషికొక ఓటు, ఓటుకొక విలువ అన్నది పార్లమెంటరీ న్యాయం. దాని ప్రకారం జనాభా పెరిగిన ఉత్తరాదికి సీట్లు పెరగాలి. రాష్ట్రాల మధ్య కుదిరిన పొత్తు చెడకూడదన్నది సమాఖ్య న్యాయం. దాని ప్రకారం దక్షిణాది బలం తగ్గకూడదు. ఆస్ట్రేలియాలాగా రాష్ట్రాలకు సమాన బలమిచ్చే ఎగువసభ ఉంటే దిగువసభలో తగ్గిన లోటును అక్కడ పూడ్చుకోవచ్చు. మనకు అలాంటి సభ లేదు. రాజ్యసభ స్థానాలను పెంచి సర్దుతారా, లోక్‌సభ సీట్లే అందరికీ ఒకే నిష్పత్తిలో పెంచుతారా, లేక 1971 అంకెనే ఇంకొన్నాళ్లు సాగదీస్తారా?

ఈ చర్చ సభకు వచ్చిన రోజు బిల్లు పాఠాన్ని పార్లమెంటు వెబ్‌సైట్‌లోంచి దింపుకుని చదవండి. టీవీ చర్చ తర్వాత చూసుకోవచ్చు. ఆ రోజు ఓటేయబోయే 42 మంది తెలుగు ఎంపీల్లో మీ నియోజకవర్గం ఎంపీ ఎవరో, ఇప్పటిదాకా సభలో ఏయే ప్రశ్నలు అడిగారో కూడా అక్కడే ఉంటుంది.